జాబితాలో చోటు ఎవరికి?

(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



పాటలూ, భజనలూ, పిల్లల నాటికా ఉన్న ఈ ఉత్సవంలో కంప్యూటర్ గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చును. మన కార్యవర్గం మా నలుగురికీ ఒక పని అప్పగించింది. మన కుటుంబాలు ఇంట్లో తెలుగు రాసుకోవడానికీ, వంశవృక్షం భద్రపరచుకోవడానికీ, పెద్దల గొంతులు దాచుకోవడానికీ, పిల్లలకు అక్షరాలు నేర్పడానికీ పనికివచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ల జాబితా ఒకటి తయారు చేయమన్నారు. చేశాము. నలభై పేర్లతో మొదలుపెట్టి ఎనిమిదితో ముగించాము. ఆ ఎనిమిదీ ఎందుకు నిలిచాయి, తక్కినవి ఎందుకు నిలవలేదు అన్నదే ఈ ప్రసంగం. పేర్లు మాత్రమే చెబితే అవి కొన్నాళ్ళకు పాతబడతాయి. ఎంచే పద్ధతి తెలిస్తే మేము లేనినాడు కూడా మీరే ఎంచుకోగలరు.

జాబితా అనే మాట మన కుటుంబాలకు కొత్తది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా నేటాలుకు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, ఊరు, అన్నీ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డాయి. నాయుడు 'నాయిడూ' అయినాడు. అప్పలస్వామి 'అప్పల్సామి' అయినాడు. 1996 నాటి మన దేశ రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషలలో మన భాషనూ పేర్కొన్నారు. అది మనకు గర్వకారణమే. అయితే అక్కడ కూడా పేరు 'తెలెగు' అనే పడింది. ఇంతకాలం మన పేర్లు ఇతరులు రాసిన జాబితాల్లో ఉంటూ వచ్చాయి. ఈసారి జాబితా రాసేది మనమే. కనుక చేతికి వచ్చినదల్లా ఎక్కించడానికి మాకు మనసొప్పలేదు.

ముందుగా ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో చిన్నారుల కోసం రెండు మాటలు. ఒకరు మనకు ఒక జాడీ ఆవకాయ ఇచ్చారనుకోండి. తింటాము, జాడీ ఖాళీ అవుతుంది, మళ్ళీ వారినే అడగాలి. ఇంకొకరు జాడీతో పాటు ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎంత అన్న కొలతలు కూడా చెప్పి, "మీ ఇంటి రుచికి మార్చుకోండి, పక్కవారికీ చెప్పండి" అన్నారు. ఈ రెండవ పద్ధతే ఓపెన్ సోర్స్. సాఫ్ట్‌వేర్ నడిపించుకోవచ్చు, లోపల ఏముందో చదవవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రయత్నం ప్రకటించి దీనికి దారి వేశారు. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే డబ్బు లేకుండా అనీ, స్వేచ్ఛగా అనీ రెండర్థాలు ఉండటం వల్ల వారు ఎంతో చర్చ చేయవలసి వచ్చింది. తెలుగుకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపే సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకున్నది.

మా మొదటి పరీక్ష ఇదే. ఇది ఉచితమా, స్వేచ్ఛా? సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే లైసెన్సు కాగితాన్ని చదివాము. డబ్బు అడగనివి చాలా ఉన్నాయి కాని, చదవడానికీ మార్చడానికీ పంచడానికీ అనుమతి ఇచ్చేవి అంతకన్నా తక్కువ. ఒకే పేరుతో రెండు రకాలూ ఉండటం కూడా కద్దు. అంకి అన్నది మాటలు గుర్తుపెట్టుకోవడానికి చీటీల వంటి సాధనం. కంప్యూటర్ మీద నడిచే అంకి ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్ ఫోన్ల మీద నడిచే అంకిడ్రాయిడ్ కూడా అంతే. ఐఫోన్ మీద ఉన్నది మాత్రం డబ్బు పెట్టి కొనవలసినది, దాని సోర్స్ బయటకు ఇవ్వలేదు. కనుక మా జాబితాలో అంకి అని ఊరుకోకుండా ఏ అంకియో కూడా రాశాము.

రెండవ పరీక్ష అన్నిటికన్నా ముఖ్యమైనదని మా ఉద్దేశం. దీనిలో మనం పెట్టినది రేపు మన మనవలు ఎవరి అనుమతీ లేకుండా బయటకు తీసుకోగలరా? దీని వెనుక మన సంఘం అనుభవమే ఉన్నది. చాలా ఏళ్ళ క్రితం మన పెద్దలు కొందరు కుటుంబాల వివరాలనూ, భజన కీర్తనలనూ కష్టపడి కంప్యూటర్‌లో ఎక్కించారు. ఆ రోజుల్లో దొరికిన ఒక సంస్థ వారి తెలుగు ఫాంటు వాడారు. ఆ కాలపు ఫాంట్లలో తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల చోట్లలో కూర్చేవారు. తెర మీద 'క' కనబడినా, లోపల దాచినది ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమే. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెలుగు, అది పోయిననాడు అర్థంలేని అక్షరాల పోగు. ఈనాడు ఆ ఫైళ్ళు తెరిస్తే కనబడేది ఆ పోగే. అచ్చు వేసిన కాగితాలు కొన్ని మిగిలి ఉండబట్టి మళ్ళీ టైపు చేస్తున్నాము. కాగితం లేని పుటలు పోయినట్టే. ఆ పెద్దలను అనవలసింది ఏమీ లేదు, వారికి అప్పుడు అందుబాటులో ఉన్న దారి అదే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అందుకని యూనికోడ్‌లో రాయని సాధనానికి చోటు లేదన్నాము. పత్రాలు రాసుకోవడానికి లిబ్రె ఆఫీస్‌ను ఎంచాము. అది దాచే ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ రూపం ఎలా ఉంటుందో బహిరంగంగా రాసి ఉన్నది కనుక రేపు లిబ్రె ఆఫీస్ లేకపోయినా ఇంకొకరు ఆ ఫైలు తెరవగలరు.

వంశవృక్షానికి గ్రాంప్స్‌ను ఎంచాము. 2001లో మొదలైన పని ఇది. మన కుటుంబాలకు ఇది ఎందుకు తగినదో చెబుతాము. ఒక మనిషికి ఎన్ని పేర్లయినా రాయవచ్చు. ముత్తాత అసలు పేరు తెలుగులో ఒకటి, ఓడ జాబితాలో గుమాస్తా రాసినది ఒకటి, తరువాత స్కూలు కాగితాల్లో పడినది ఒకటి, మూడూ పక్కపక్కనే ఉంటాయి. వలస నంబరును ఆ మనిషి వివరాలలో చేర్చవచ్చు. ఈ సంగతి ఎక్కడిది, ఏ కాగితంలో చూశాము అన్న ఆధారం కూడా రాసుకోవచ్చు. అంతా కలిపి జెడ్‌కామ్ అనే రూపంలో బయటకు తీయవచ్చు. 1984 నుంచి ఉన్న ఆ రూపాన్ని వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లు దాదాపు అన్నీ చదువుతాయి.

ఇక్కడే మాలో మాకు గట్టి వాదన జరిగింది. ఇంటర్నెట్‌లో వంశవృక్షాలు ఉంచే వ్యాపార సంస్థలున్నాయి. మన బంధువులు ఎంతోమంది ఇప్పటికే వాటిలో ఉన్నారు. "జనం ఉన్నచోటికి మనం వెళ్ళాలి కాని, ఎవరూ లేనిచోట గుడి కట్టి ఏం లాభం?" అని మాలో ఒకరు అన్నారు. ఆ మాటలో బలం లేకపోలేదు. ఒంటరిగా రాసుకున్న వృక్షానికి కొమ్మలు తక్కువ. కాని, ఆ తలుపు తాళంచెవి మన దగ్గర ఉండదు. రేపు రుసుము పెరిగినా, సంస్థ చేతులు మారినా, మూతపడినా మనం చేయగలిగింది ఉండదు. చివరకు ఇలా నిశ్చయించాము. అటువంటివి వాడేవారిని తప్పు పట్టము, మా జాబితాలో మాత్రం వాటి పేరు ఉండదు. వాడేవారు ఏడాదికొకసారి తమ వృక్షాన్ని జెడ్‌కామ్ రూపంలో దింపుకొని గ్రాంప్స్‌లో ఒక ప్రతి ఉంచుకోవాలని మనవి చేస్తున్నాము.

మూడవ పరీక్ష తెలుగు పరీక్ష. తెలుగు వస్తుంది అని పైన రాసి ఉంటే చాలదు. స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, ఉత్కృష్టం వంటి మాటలు ఒక పుటలో టైపు చేసి, తెర మీద ఎలా ఉన్నాయో చూశాము, అచ్చు వేసి చూశాము, దాచి మళ్ళీ తెరిచి చూశాము. వత్తులు విడిపోయినవి కొన్ని, కింది వరుసకు తగిలి తెగిపోయినవి కొన్ని. పెద్ద సంస్థలకు కూడా మన అక్షరం సులభం కాదని 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. 'జ్ఞా' అన్న అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరుస సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. ఆ నెలలోనే యాపిల్ వారు సవరణ విడుదల చేశారు. కోట్లమంది వాడే యంత్రంలోనే అలా జరిగిందంటే, పరీక్ష చేయకుండా ఎక్కించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఫాంట్లలో మేము నోటో కుటుంబపు తెలుగు ఫాంట్లనూ, సిలికానాంధ్ర వారు విడుదల చేయించిన మండలి, రామభద్ర, పెద్దన వంటి వాటినీ తీసుకున్నాము. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందనే ఉన్నాయి. పెళ్ళి శుభలేఖ మీద వేసుకోవచ్చు, ఈ సంచికకు వాడుకోవచ్చు, పిల్లలకు పంచవచ్చు. సముద్రానికి ఆవల ఉన్న తెలుగువారు తమ అవసరానికి చేయించుకున్న అక్షరాలు ఇక్కడ మనకు పనికి వస్తున్నాయంటే అది స్వేచ్ఛ వల్లనే.

నాలుగవ పరీక్ష, దీనిని చూసుకునే వారు ఎవరు, ఎంతమంది? తోట ఎంత అందంగా ఉన్నా నీళ్ళు పోసేవారు లేకపోతే ఎండిపోతుంది. ట్రూక్రిప్ట్ అనే సాధనం ఫైళ్ళకు తాళం వేయడానికి ఎంతో పేరు పొందినది. 2014 మే నెలలో దానిని చేసినవారు ఇక సురక్షితం కాదు, మేము మానేస్తున్నాము అని ప్రకటించారు. ఆ తరువాత కూడా దానిని పొగిడే పాత జాబితాలు చేతులు మారుతూనే ఉన్నాయి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా ఎక్కువ కళ్ళు తెరిపించినది. లోకంలో ఎన్నో సర్వర్లు ఆధారపడే ఒక చిన్న సాధనాన్ని దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తామని వచ్చినవారు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కావడానికి అర సెకండు ఆలస్యమవుతున్నదేమిటని తవ్వి చూడబట్టి పట్టుబడింది. సోర్స్ తెరిచి ఉండబట్టే ఆయన చూడగలిగాడు. కాని, తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని నమ్మి కూర్చోలేము. రెండూ నిజమే.

కనుక చివరి మార్పు ఎప్పుడు జరిగింది, ఎంతమంది చేస్తున్నారు, చెప్పిన లోపాలకు సమాధానం ఇస్తున్నారా అని చూశాము. పేరు పాతదైనంత మాత్రాన ప్రాణం ఉన్నట్టు కాదు. మీలో చాలామందికి ఓపెన్ ఆఫీస్ గుర్తుండే ఉంటుంది. 2010లో దానిని చేసేవారిలో చాలామంది విడివడి లిబ్రె ఆఫీస్‌గా కొనసాగించారు. అసలు పేరు అపాచీ సంస్థ వారి దగ్గర ఉన్నది కాని, 2014లో వచ్చిన 4.1 తరువాత అందులో చిన్న సవరణలే వచ్చాయి. పాత పేరు మీద మమకారంతో దానిని ఉంచలేదు.

యాజమాన్యం మారినప్పుడు కూడా చూసుకోవాలి. ఆడాసిటీ 2000 నుంచి ఉన్న రికార్డింగు సాధనం. 2021లో అది ఒక సంస్థ చేతికి వెళ్ళింది. వాడేవారి సమాచారం సేకరిస్తామన్న ప్రతిపాదన మీద పెద్ద అలజడి రేగింది. ప్రతిపాదనను ఆ నెలలోనే విరమించుకున్నారు. సోర్స్ ఇప్పటికీ స్వేచ్ఛా లైసెన్సు కిందనే ఉన్నది. మేము దానిని ఉంచాము, ఈ సంగతి కూడా పక్కన రాశాము. అవ్వల పాటలు, తాతల మాటలు రికార్డు చేసేటప్పుడు ఎఫ్‌ఎల్‌ఏసీ రూపంలో ఒక ప్రతి దాచమని సూచించాము. అందులో ధ్వని నాణ్యత తగ్గదు, ఆ రూపం ఎవరి సొత్తూ కాదు.

ఐదవ పరీక్ష, మన ఇళ్ళలో పని చేస్తుందా? 2008 నుంచి కరెంటు కోతలు ఎన్నో చూసిన దేశం మనది. ఇంటర్నెట్‌కు డబ్బు లెక్క చూసుకునే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఎప్పుడూ నెట్ ఉంటేనే నడిచే వాటిని పక్కన పెట్టాము. కివిక్స్ అనే సాధనాన్ని తీసుకున్నాము. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఒక్కసారి దింపుకుంటే, తరువాత నెట్ లేకుండానే ఇంట్లో అందరూ చదవవచ్చు. చిన్నపిల్లలకు టక్స్ పెయింట్ తీసుకున్నాము. అందులో మనం చేసిన బొమ్మనే అడుగున పెట్టవచ్చు. పలక మీద పెద్దవారు రాసి ఇచ్చినట్టు అక్షరం వేసి ఇస్తే, పాప దాని మీద దిద్దుకుంటుంది.

కంప్యూటర్ పాతబడిందని పారవేయనక్కరలేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అటువంటి యంత్రాలకు లినక్స్ మింట్ వారి ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పును సూచించాము. ఇక్కడ ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "ఉబుంటు మన దేశస్థుడు మార్క్ షటిల్‌వర్త్ 2004లో మొదలుపెట్టినది. పేరు కూడా మన పక్కింటివారి భాషదే, మనిషికి మనిషి తోడు అన్న అర్థం కలది. దానిని కాదని మింట్ ఏమిటి?" అని. ఉబుంటు అంటే మాకూ అభిమానమే. మింట్ కూడా ఉబుంటు పునాది మీద కట్టినదే. కాని, మా దగ్గర ఉన్న పాత లాప్‌టాప్‌ల మీద రెండూ పెట్టి చూస్తే తేలికగా నడిచింది మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. అభిమానం వేరు, అర్హత వేరు. మనవాడని ఒకరిని ఎక్కిస్తే జాబితా చదివేవారికి ఇక ఏ పేరు మీద నమ్మకం ఉంటుంది?

అలాగే గొప్పదై ఉండి కూడా చోటు దొరకనిది ఒకటున్నది. టెసరాక్ట్ అచ్చు పుటల బొమ్మలను చదివి అక్షరాలుగా మారుస్తుంది. 1985లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయింది, తెలుగు కూడా చదువుతుంది. మన పాత భజన పుస్తకాలకు ఎంతో అవసరం. కాని, దానిని ఆజ్ఞలు టైపు చేసి నడపాలి, తరువాత తెలుగు బాగా వచ్చినవారు తప్పులు దిద్దాలి. కనుక దానిని ఇళ్ళ జాబితాలో పెట్టలేదు. సంఘం గదిలో యువకులు నడిపే పనిగా వేరే కాగితం మీద రాసి ఉంచాము. మంచిదా అన్న ప్రశ్న ఒకటి, వీరికి మంచిదా అన్న ప్రశ్న మరొకటి.

చివరి పరీక్ష మాకు మేమే పెట్టుకున్నది. ఏ పేరు సూచించినా, సూచించినవారు తమ సొంత పనికి నెల రోజులు వాడి చూపాలి. వినికిడి మాటలు వద్దన్నాము. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు కదా! నెల రోజులు తిరిగేసరికి నలభైలో సగం పేర్లను తెచ్చినవారే వెనక్కి తీసుకున్నారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదనీ, ఎంతమంది వాడుతున్నారన్నది లెక్కలోకి రాకూడదనీ కూడా నియమం పెట్టుకున్నాము.

పదిహేను ఇరవై అయినా ఉంచవచ్చును కదా అని అడిగారు. చేటలో బియ్యం పోసి చెరిగేది అన్నంలో రాయి రాకుండా ఉండటానికి. ఒక్క పేరు తప్పయితే, దానిలో తమ కుటుంబం సంగతులు దాచుకున్న ఇల్లు నష్టపోతుంది. ఎనిమిదింటికైతే మేము బాధ్యత వహించగలము. ప్రతి పేరు పక్కనా పరీక్షించిన తేదీ, చూసుకునే సభ్యుని పేరు రాశాము. ప్రతి ఉగాదికీ అన్నిటినీ మళ్ళీ పరీక్షిస్తాము. తీసివేసిన పేరును చెరిపివేయము. ఎందుకు తీశామో కారణంతో సహా వెనుక పుటలో ఉంచుతాము. ఇంతకుముందే ఎక్కించుకున్నవారికి ఆ సంగతి తెలియాలి కదా!

ఎనిమిదీ మరొకసారి: పాత యంత్రాలకు లినక్స్ మింట్, రాతకు లిబ్రె ఆఫీస్, అక్షరాలకు నోటో మరియు సిలికానాంధ్ర ఫాంట్లు, వంశానికి గ్రాంప్స్, గొంతులకు ఆడాసిటీ, మాటలు నేర్వడానికి కంప్యూటర్ మీదా ఆండ్రాయిడ్ మీదా నడిచే అంకి, చదువుకు కివిక్స్, చిన్నారులకు టక్స్ పెయింట్.

యువతీయువకులకు ఒక మనవి. 2001లో ట్రాన్స్‌లేట్ అనే దక్షిణాఫ్రికా సంస్థ మన దేశపు అప్పటి పదకొండు అధికార భాషలలోకి సాఫ్ట్‌వేర్‌ను తేవడం మొదలుపెట్టింది. జులూకూ, షోసాకూ, వెండాకూ ఆ పని జరిగింది ఎవరి దయ వల్లనో కాదు, సోర్స్ తెరిచి ఉండటం వల్ల, కూర్చుని అనువదించినవారు ఉండటం వల్ల. తెలుగుకూ ఆ తలుపు తెరిచే ఉన్నది. తెర మీద తెలుగు తప్పుగా కనబడితే నవ్వి ఊరుకోకండి, చేసినవారికి రాయండి, చేతనైతే దిద్ది పంపండి.

పెద్దలకు ఒక మనవి. మీకు తెలిసిన మూడు తరాల పేర్లు, మీ ఇంట్లో పలికే తీరులోనే, ఈ నెలలోపల మీ మనవల చేత గ్రాంప్స్‌లో ఎక్కించండి. సరైన ఉచ్చారణ మీ నోట ఉన్నది. ఓడ జాబితాలో అది లేదు, ఏ ఆఫీసులోనూ దొరకదు. సాధనాలు మేము ఎంచి పెట్టగలము. అందులో పెట్టవలసినది మీ దగ్గరే ఉన్నది.